తాత ట్రంకు పెట్టె పని డైరీ: నాలుగు మెడల్స్, ఒక ఖాళీ తూటా గొట్టం, అవ్వ లెక్కల పుస్తకం

ఇంట్లో పాత మిలిటరీ సామాను ఉన్నవాళ్ళు చూసి చేసుకోవడానికి, మా దగ్గర చెడిపోయినవి వాళ్ళ దగ్గర చెడిపోకుండా ఉండటానికి రాస్తున్నాను. పెట్టె నారాయణపేటలోని మా ఇంటిది. సామాను ఇద్దరిది. తాత రెండో ప్రపంచ యుద్ధంలో పయనీర్‌గా, అంటే సైన్యానికి రోడ్లు వేసే, సరుకు దింపే దళంలో, అస్సాం వైపు వెళ్ళాడు. ఆయన తమ్ముడు, మా చిన్నతాత, అదే కాలంలో పూనా దగ్గర కిర్కీలో తూటాల ఫ్యాక్టరీలో చేరాడు. ఇద్దరూ గుంట మగ్గం మీద నుంచి లేచి పోయినవాళ్ళే.

పని మొదలుపెట్టే ముందే ఒక నియమం అనుకున్నాం. వస్తువు మీదో కాగితం మీదో కళ్ళకు కనబడేది నల్ల సిరాతో రాయాలి. దాన్నిబట్టి తేల్చింది నీలం సిరాతో, ఇంట్లో చెప్పుకునేది ఎర్ర సిరాతో. ఈ మూడు రంగులు లేకపోతే నెల తిరిగేసరికి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

దశ 1: పెట్టె ఖాళీ చేయడం

పెట్టె చాలా ఏళ్ళు పశువుల కొట్టంలో ఉంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. లోపల ఉన్నవి: నాలుగు మెడల్స్, నాలుగు మడతల డిశ్చార్జి కాగితం, లామినేషన్ చేసిన ఇంకో కాగితం, ఫోటోలు రెండు, బట్టలో చుట్టిన ఇత్తడి గొట్టం, అవ్వ లెక్కల పుస్తకం, ఒక నాడె (మగ్గం మీద పేక దారాన్ని అటూ ఇటూ నడిపే పనిముట్టు).

1. మూత తీయగానే ఏదీ కదపకుండా పైనుంచి ఫోటో తీయాలి. ప్రతి పొరకూ మళ్ళీ ఒక ఫోటో, పక్కన స్కేలు పెట్టి.
2. నంబరు చీటీ మీద పెన్సిల్‌తో రాయాలి. వస్తువు మీద రాయొద్దు, అంటించొద్దు.
3. తూటా లాంటిది కనబడితే అక్కడే పని ఆపాలి. అడుగున మందు బిళ్ళ (పిన్ను దెబ్బకు తూటాను పేల్చేది) ఉన్నా, పైన సీసం ముక్క ఉన్నా ముట్టకుండా పోలీసులకు చెప్పాలి. తోమడం, కొట్టడం, వేడి చేయడం ఏదీ చేయొద్దు. మాది పూర్తిగా ఖాళీ గొట్టం. అయినా స్టేషన్‌లో చూపించాకే పని ముందుకు కదిలింది.

కొన్నవి: చేతి తొడుగులు 150, డిజిటల్ వెర్నియర్ 850, టార్చి 220, పది రెట్లు చూపే భూతద్దం 250.
ఇప్పటిదాకా: 1,470 రూపాయలు.

దశ 2: ఇత్తడి గొట్టం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పోయింది. చిన్నతాత ఫ్యాక్టరీ పనికి ఇంట్లో మిగిలిన గట్టి ఆనవాలు ఇదొక్కటే కాబట్టి పోనీ అనుకున్నాం. పల్టనుకు పోయినవాడికి నంబరు, మెడల్, డిశ్చార్జి కాగితం ఉంటాయి. తూటా చేసినవాడి సామానులో ఒక్క కాగితం కూడా లేదు.

వెర్నియర్‌తో వచ్చిన కొలతలు: పొడవు 56.4 మిల్లీమీటర్లు, అడుగు అంచు వ్యాసం 13.7. ఇవి .303 తూటా గొట్టం కొలతలు. ఆ యుద్ధంలో మన సిపాయిలు మోసిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా ఇదే. అడుగున భూతద్దంతో చూస్తే ఇంగ్లిష్ అక్షరాలు కె, ఎఫ్, వాటి మధ్య బాణం గుర్తు. అది కిర్కీ ఫ్యాక్టరీ ముద్ర. ఆ ఫ్యాక్టరీ 1869 నాటిది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీ తూటాలకు వేరే ముద్ర ఉంటుంది.

మందు బిళ్ళ కూర్చునే గుంటలో ఏమీ లేదు. మధ్యలో చిన్న మొటిమ, దాని పక్కల రెండు సన్నని రంధ్రాలు మాత్రమే. పేల్చిన తూటా అయితే పిన్ను దెబ్బ తిన్న బిళ్ళ ఉండేది. అంటే ఇది పేలింది కాదు, అసలు నింపనే లేదు. ఫ్యాక్టరీ లైన్ మీద నుంచి తీసి పక్కన పడేసిన గొట్టం అయ్యుండాలి (నీలం సిరా).

ఇక చెడిపోయిన సంగతి. గొట్టం మెడ మీద నిలువునా పగులు, పొడవు 9 మిల్లీమీటర్లు. ఎవరో కింద పడేశారని ఇంట్లో ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. కింద పడితే సొట్ట పడాలి, ఇక్కడ సొట్ట లేదు. వెంట్రుక మందాన చీలిక, అంచులు పదునుగా ఉన్నాయి.

దీనికి పాత కథ ఉంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపు సాలల్లో దాచిన తూటాల గొట్టాలు వాటంతట అవే పగిలేవి. సీజన్ క్రాకింగ్ అనేవారు. కారణం 1921లో తేలింది. ఈ ఇత్తడిలో రాగి 70 పాళ్ళు, జింకు 30 పాళ్ళు. మందపాటి బిళ్ళను గిన్నెలా వంచి, అచ్చుల్లో మళ్ళీ మళ్ళీ లాగి గొట్టం చేస్తారు. ఆ లాగుడు ఒత్తిడి లోహంలోనే ఉండిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా దానికి తోడైతే లోహం చీలుతుంది. ఎనీలింగ్ చేస్తే, అంటే సరైన వేడి చూపించి లోహాన్ని మెత్తబరిస్తే, ఆ ఒత్తిడి పోతుంది.

మా పెట్టె ఉన్నది పశువుల కొట్టంలో. చెప్పేదేముంది.

ఎనీలింగ్ అయిన గొట్టానికి మూతి దగ్గర నీలం, గోధుమ కలిసిన మరక మిగులుతుంది. అది కనిపిస్తే ఈ గొట్టం ఏ దశలో లైన్ మీద నుంచి బయటికొచ్చిందో కొంత తెలిసేది. కానీ మా ఇంట్లో ప్రతి దసరాకు ఆయుధ పూజలో నాడెతో పాటు దీన్నీ, మెడల్స్‌నూ పెడతారు. పూజ అంటే ముందు చింతపండుతో తోమడమే. పులుపు ఇత్తడి పైపొరలో జింకును లాగేసి గులాబి రంగు వదిలింది. మూతి దగ్గర మరక ఉండి ఉంటే అదీ తోముడులో పోయింది. మా మేనత్తను అడిగితే, "మరి పూజకు మసిపట్టినయి పెడ్తరా?" అంది. ఆమె మాటా న్యాయమే.

మార్చినవి:

1. తోమడం పూర్తిగా బంద్. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం వరకే.
2. గొట్టాన్ని పాలిథిన్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో, కొట్టానికి దూరంగా ఇంట్లో పెట్టాం.
3. అద్దాలు తుడిచే స్ప్రే ఆ బీరువా దగ్గర వాడకూడదు. కొన్నిటిలో అమ్మోనియా ఉంటుంది.
4. పగులును ప్రతి మూడు నెలలకు కొలిచి చీటీ మీద రాయాలి. ఇప్పటికైతే 9 దగ్గరే ఆగింది.

చిన్నతాత చేతులు పసుపు పచ్చగా ఉండేవని ఇంట్లో అంటారు. టీఎన్‌టీ, టెట్రిల్ లాంటి పేలుడు పదార్థాలతో పనిచేసేవాళ్ళకు చర్మం పసుపెక్కడం మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచే తెలిసిన విషయం. కిర్కీలోనే 1940లో హై ఎక్స్‌ప్లోజివ్స్ ఫ్యాక్టరీ కూడా మొదలైంది. ఇవి రెండూ కలిపి కథ అల్లడం తేలిక. గొట్టం మాత్రం తూటాల ఫ్యాక్టరీది. అందుకే పసుపు చేతులు ఎర్ర సిరాలోనే ఉన్నాయి.

ఖర్చు: లేదు.
ఇప్పటిదాకా: 1,470.

దశ 3: పెట్టె తుప్పు

తుప్పు తీసే మందు బజారులో దొరుకుతుంది. కానీ మూత మీద తెల్ల రంగుతో రాసిన నంబరు సగం చెరిగి ఉంది. ఆ మందు తగిలితే మిగతాది కూడా పోతుంది. అందుకే కరక్కాయ వాడాం. కరక్కాయలో టానిన్ ఎక్కువ. అది తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొర అవుతుంది. అద్దకం పనివాళ్ళు నలుపు రంగు తెచ్చేదీ ఇదే పద్ధతిలో.

1. నంబరు మీద మైనం పూసి కప్పాలి.
2. 100 గ్రాముల కరక్కాయ పొడిని లీటరు నీళ్ళలో సగమయ్యేదాకా మరగబెట్టి, గుడ్డతో వడగట్టాలి.
3. బ్రష్‌తో పూసి ఒక రోజు ఆరనివ్వాలి.

మొదటిసారి వేసిన పూత పొరలుగా ఊడింది. వదులుగా ఉన్న తుప్పు మీద ఏది పూసినా నిలవదు. ఇనుప బ్రష్‌తో గోకి, 120 నంబరు ఎమెరీతో రుద్ది, మళ్ళీ పూస్తే నీలం కలిసిన నలుపు తేలి గట్టిగా పట్టింది. పైన తేనెమైనం. లోపలి వైపు మాత్రం కరక్కాయ పూయలేదు. టానిన్ పులుపు కాగితాలకు మంచిది కాదు.

కొన్నవి: ఇనుప బ్రష్ 80, కరక్కాయ 90, తేనెమైనం 160, ఎమెరీ 40.
ఇప్పటిదాకా: 1,840.

దశ 4: మెడల్స్

రెండు నక్షత్రాలు, రెండు గుండ్రనివి. నక్షత్రాలు ఆరు మొనలవి, ఎత్తు 44 మిల్లీమీటర్లు. ఒకటి 1939–45 స్టార్, రెండోది బర్మా స్టార్. గుండ్రనివి రెండూ 36 మిల్లీమీటర్లు. ఒకదాని వెనక రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం, అది వార్ మెడల్. ఇంకోదాని వెనక హిందూస్థాన్ పటం, అది ఇండియా సర్వీస్ మెడల్. వరుస కూడా ఇదే: 1939–45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్.

బర్మా స్టార్ 11 డిసెంబర్ 1941 నుంచి 2 సెప్టెంబర్ 1945 దాకా బర్మా యుద్ధరంగంలో చేసిన సేవకు. అస్సాంలో పనిచేసినవాళ్ళకూ వచ్చింది. కాబట్టి ఈ నక్షత్రం ఉన్నంత మాత్రాన తాత బర్మా గడ్డ మీద అడుగుపెట్టాడని రాయకూడదు.

బ్రిటన్ సిపాయిల మెడల్స్ మీద పేర్లుండవు. మన సిపాయిల వాటి మీద నంబరు, ర్యాంకు, పేరు, దళం చెక్కి ఉంటాయి. నక్షత్రాలకు వెనకవైపు, గుండ్రనివాటికి అంచు మీద. ఏళ్ళ తరబడి తోమడం వల్ల మావి చదవడానికి రాలేదు. ఎదురుగా లైటు వేస్తే ఏమీ కనబడదు. గదిలో చీకటి చేసి, టార్చిని పక్కనుంచి దాదాపు పడుకోబెట్టి వేస్తే అక్షరాల గుంతల్లో నీడ పడుతుంది. నాలుగు దిక్కుల నుంచి ఒక్కో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చదివాం. సుద్ద రుద్దే పద్ధతి వద్దు, అది గుంతల్లోనే ఉండిపోతుంది.

ఆ అంచుతో ఇంట్లో పెద్ద మాట ఒకటి పోయింది. తాత "హైదరాబాద్ రెజిమెంట్"లో ఉన్నాడని అందరం చెప్పుకునేవాళ్ళం. అంచు మీద ఉన్నది పయనీర్ కోర్. నిజానికి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అంటే నిజాం సైన్యం కాదు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది, కుమావూనీలు, అహీర్లు, జాట్లు ఎక్కువగా ఉన్నది. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత దళాలు వేరు. వాటిలో 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ 1941 డిసెంబర్‌లో జపాన్ సైన్యం మలయాలో దిగినప్పుడు కోటా భారు విమానాశ్రయం దగ్గర ఉంది. మా దగ్గర "హైదరాబాద్" అనే మాట ఉన్నది డిశ్చార్జి కాగితంలో సంస్థానం గడిలో మాత్రమే. అంటే అది తాత ఊరి చిరునామా. బాపు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. పయనీర్లు లేకపోతే రోడ్లు ఎవరు వేశారు, రేషన్ ఎవరు దింపారు అంటే, "గదీ నిజమే" అన్నాడు.

శుభ్రం చేసిన తీరు:

1. మొనల సందుల్లో గట్టిపడ్డ కుంకుమను వెదురు పుల్లతో పొడిగానే తీయాలి.
2. మిగిలిందాన్ని దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తీయాలి. రిబ్బన్‌కు తగలనీయొద్దు.
3. మెరుపు పాలిష్ వద్దు.

మేనత్త గట్టిగానే అడ్డుకుంది. "పూజ జేసిన బొట్టు తీస్తవారా?" చివరికి మెడల్స్ మీద తీసి, పెట్టె గొళ్ళెం మీద బొట్టు అలాగే ఉంచడానికి ఒప్పందం కుదిరింది. దసరాకు ఇకమీద పూజ పెట్టెకే.

పాత రిబ్బన్లు ముట్టుకుంటే దారాలుగా రాలుతున్నాయి. వాటిని విడిగా దాచి, 32 మిల్లీమీటర్ల వెడల్పు కొత్తవి కొన్నాం. వార్ మెడల్ రిబ్బన్‌ను తలకిందులుగా పెట్టినా తేడా ఉండదు. బర్మా స్టార్‌ది కూడా అంతే, రెండు వైపులా ఒకే చారలు.

కొన్నవి: ఆల్కహాల్ 180, రిబ్బన్లు 640.
ఇప్పటిదాకా: 2,660.

దశ 5: కాగితాలు

లామినేషన్ అయిన కాగితం గురించి చేయగలిగింది లేదు. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను విడదీస్తే సిరా దానితోనే వస్తుంది. మీ ఇంట్లో పాత కాగితం ఉంటే జిరాక్స్ షాపువాళ్ళు ఎంత ప్రేమగా చెప్పినా లామినేషన్ చేయించకండి.

డిశ్చార్జి కాగితం మడతల మీద ఎప్పుడో సెలోటేప్ వేశారు. హెయిర్ డ్రయ్యర్‌తో తక్కువ వేడి చూపించి ఒక మూల లేపితే టేప్‌తో పాటు సంతకం తోక కూడా లేచింది. అక్కడితో ఆపేశాం. టేప్‌తో సహా పాలియెస్టర్ కవర్‌లో పెట్టాం. పీవీసీ కవర్లు చవక, కానీ కొన్నాళ్ళకు సిరాను పీల్చుకుంటాయి.

స్కానింగ్ 600 డీపీఐలో, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. ఒక ఏ4 పేజీ సుమారు 100 ఎంబీ అవుతుంది. ఫోన్ యాప్‌లు నలుపు తెలుపు చేసి అంచులు కత్తిరిస్తాయి. దాంతో మా కాగితం మూలన ఉన్న లేత ఊదా ముద్ర మాయమైంది. ఫ్లాట్‌బెడ్ మీద చేస్తేనే అది కనబడింది.

రికార్డుల కోసం ఎక్కడికి రాయాలన్నా నంబరు, ర్యాంకు, పేరు, దళం కావాలి. ఈ నాలుగూ అంచు మీదా కాగితం మీదా ఒకేలా ఉన్నాయో లేదో ముందు సరిచూసుకోండి. మా దాంట్లో తాత పేరు రెండు చోట్లా రెండు రకాలుగా ఉంది. నంబరు మాత్రం కలిసింది.

కొన్నవి: స్కానింగ్, బస్సు 600, కవర్లు 900.
ఇప్పటిదాకా: 4,160.

దశ 6: అవ్వ లెక్కల పుస్తకం

అవ్వకు చదువు రాదు. ఆమె చెబితే వీధిబడి పంతులు రాసిన పుస్తకం ఇది. తేదీలు ఫసలీలో, అంటే నిజాం కాలం సంవత్సరాల లెక్కలో, ఉన్నాయి. మార్చుకునే లెక్క: మన సంస్థానంలో ఫసలీ సంవత్సరం అక్టోబర్ 6 ప్రాంతంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 590, ఆ తర్వాతి నెలలకు 591 కలపాలి. ఫసలీ 1353 ఖుర్దాద్ అంటే 1944 ఏప్రిల్ 6 నుంచి మే మొదటి వారం దాకా.

డబ్బుల పద్దులు మొదట కుదరలేదు. చిన్నతాత పూనా నుంచి పంపింది ఒక చోట 12, అదే నెల పక్క గడిలో 14. తాతది ఒక చోట 15, పక్కన 17–8 (17 రూపాయల 8 అణాలు). రెండు సార్లు పంపారనుకుని కూడితే మొత్తం నమ్మలేనంత పెద్దదైంది. తర్వాత నిష్పత్తి చూస్తే 6కు 7. పంపింది కల్దారులో (బ్రిటిష్ ఇండియా రూపాయి), ఇంట్లో ఖర్చయింది హాలీ సిక్కాలో (నిజాం రూపాయి). 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు. 12కు 14, 15కు పదిహేడున్నర. అన్ని గడులూ కలిశాయి.

ఇంకో గడి చిక్కుముడి. ఖుర్దాద్, తీర్, అమర్దాద్ మూడు నెలలూ తాత నుంచి ఏమీ రాలేదు. పంతులు గడి గీసి ఖాళీ వదిలాడు. 1944లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొహిమా యుద్ధం, మార్చి నుంచి జూలై దాకా ఇంఫాల్ యుద్ధం. దిమాపూర్ నుంచి ఇంఫాల్ పోయే రోడ్డు తెగిపోయి, జూన్ 22న గాని తెరుచుకోలేదు. ఇది సరిపోతోందని సంబరపడొచ్చు. కానీ డబ్బు రాకపోవడానికి జ్వరం, బదిలీ, లెక్కల గుమాస్తా లాంటి కారణాలు వంద ఉంటాయి. నీలం సిరాతో, పక్కన ప్రశ్నార్థకంతో రాశాం.

అదే ఖుర్దాద్‌లో చిన్నతాత నుంచి 12 మామూలుగానే వచ్చింది. ఆయన ఫ్యాక్టరీ పేలిందనీ, పదిహేను రోజులు జాడ లేదనీ ఇంట్లో చెబుతారు. ఆ నెలలోనే, 1944 ఏప్రిల్ 14న, బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలుడు సరుకుతో వచ్చిన ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. ఆ వార్త నారాయణపేటకు వచ్చేసరికి బొంబాయి, పూనా ఒకటైపోయి ఉండొచ్చు. మా వాళ్ళకు ఆ రెండూ ఒకే రైలు దారి మీదివి, నారాయణపేట రోడ్ స్టేషన్‌లో ఎక్కి వాడీ, షోలాపూర్ మీదుగా పోయేవి.

పుస్తకంలో లెవీ గల్లా (సర్కారుకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన ధాన్యం) పద్దులూ ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు యుద్ధం పనిలో ఉన్నా జొన్నలు కొలిచి ఇవ్వక తప్పలేదు. వాటిని విడిగా ఎక్కిస్తున్నాం.

ఖర్చు: లేదు.
ఇప్పటిదాకా: 4,160.

దశ 7: ఫ్రేము

మొదటి ఫ్రేము షాపులో చేయించాం. వెనక ఎండీఎఫ్ చెక్క, మెడల్స్ వేడి జిగురుతో అంటించారు, అద్దం నేరుగా మెడల్స్‌కు ఆనింది. ఒక్క వానాకాలానికి అద్దం లోపల చెమ్మ పట్టింది, నక్షత్రాలు మచ్చలు పడ్డాయి. ఎండీఎఫ్ నుంచి పులుపు ఆవిర్లు వస్తాయి. మూసిన పెట్టెలో అవి పోయే దారి ఉండదు. జిగురును చల్లబరిచి, గోరుతో ఊడదీయాల్సి వచ్చింది.

రెండోది ఇలా చేశాం:

1. వెనక యాసిడ్ లేని మౌంట్ బోర్డు.
2. మెడల్స్‌ను రిబ్బన్ పైభాగం దగ్గర నూలు దారంతో బోర్డుకు కుట్టాలి. జిగురు వద్దు.
3. ముందు 3 మిల్లీమీటర్ల అక్రిలిక్. దానికీ మెడల్స్‌కూ మధ్య ఖాళీ 12 మిల్లీమీటర్లు ఉండేలా చుట్టూ పట్టీ.
4. వెనక మూత స్క్రూలతో. సిలికా జెల్ మార్చుకోవడానికి వీలుంటుంది.
5. పడమటి ఎండ పడని గోడకు.

ఎడమ సగం తాతది. కుడి సగంలో గొట్టం పెట్టలేదు. దాని అసలు సైజు బొమ్మ గీసి కొలతలు, అడుగు ముద్ర, 9 మిల్లీమీటర్ల పగులు చూపించాం. చిన్నతాత కూతురు చూసి, బొమ్మ పక్కన ఆయన ఫోటో చిన్నదైందని అంది. ఫోటోను మెడల్స్ వరుస ఎత్తుకు, 10 సెంటీమీటర్లకు, పెంచి మళ్ళీ ప్రింట్ చేయించాం. కింద చీటీ మీద నల్ల సిరా విషయాలే ఉన్నాయి. నీలం, ఎర్ర సిరా కాగితాలు కవర్‌లో పెట్టి ఫ్రేము వెనక తగిలించాం.

కొన్నవి: మొదటి ఫ్రేము 1,900, రెండోది 3,400.
ఇప్పటిదాకా: 9,460.

మిగిలిన పని: మొదటి 1,900 వృథా కాకుండా ఆ అద్దం, పట్టీలతో నాడెకు ఒక పెట్టె. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ చదవగలిగిన మనిషిని వెంటబెట్టుకుని లెవీ రికార్డులు వెతకడం. గొట్టం పగులు మళ్ళీ కొలవడం.